దుబ్బు ఉంచి కోసిన చెయ్యి

మా బోటనీ మేడమ్ గారు పోయారన్న కబురు నాకు తణుకు బస్టాండులో తెలిసింది. జూలై నెల, పొద్దున్నే సన్నగా తుంపర పడుతోంది. నేను పాఠం చెప్పే కాలేజీకి వెళ్ళే బస్సు కోసం నిలబడి ఉంటే వాళ్ళ చెల్లెలు గారు ఫోన్ చేశారు. "అక్క తెల్లవారుజామున ప్రభువునందు నిద్రించిందండి. ముందు మీకే చెప్పమని ఎప్పుడో చెప్పి ఉంచింది," అన్నారు. వస్తున్నానండి అన్నాను కాబోలు. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. గోడ పక్కన నీళ్ళు నిలిచిన పల్లంలో నాలుగు తుంగ కాడలు కనిపిస్తే వంగి ఒకటి తెంపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి దొర్లించాను. దొర్లలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

బస్టాండులో గడ్డి పీక్కుని ఏడుస్తున్న మనిషిని చూసి నలుగురూ ఏమనుకున్నారో గాని, ఆవిడ దగ్గర చదివిన వాళ్ళెవరైనా ఉంటే వాళ్ళూ అదే పని చేసేవారు. తాడేపల్లిగూడెంలో డిగ్రీలో చేరినప్పుడు మాకు ఆవిడ చెప్పిన మొదటి పాఠం అది. ఒక్కొక్కరి చేతిలో రెండేసి కాడలు పెట్టి, కళ్ళు మూసుకుని దొర్లించమన్నారు. ఒకటి గుండ్రంగా తిరిగింది, రెండోది మూడంచులు తగిలి ఆగిపోయింది. "గడ్డి దొర్లుతుందండీ, తుంగ ఆగుతుంది. ఇంతే తేడా. మిగిలినదంతా పరీక్ష కోసం," అన్నారు. ఇంటర్ పాసై వచ్చిన పిల్లల్ని కూడా ఆవిడ మీరు అనే పిలిచేవారు. తిట్టినా అండీ లేకుండా తిట్టేవారు కారు. "ఏవండీ, మీ చెప్పు కింద ఒక ప్రాణం ఉందండీ, కొంచెం జరగండి," అనేవారు మొక్కలు చూపించడానికి కాలవ గట్టుకి తీసుకెళ్ళినప్పుడు.

అదే రోజు ఎవరిది ఏ ఊరో, అక్కడ ఏం పండుతుందో అడిగారు. మాది ఉంగుటూరు. వరి పండిస్తామండి అన్నాను గొప్పగా. మరి తుంగ సంగతేమిటి అన్నారు. అది కలుపు కదండీ, పీకి గట్టు మీద పారేస్తాం అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడ కూడా నవ్వారు. "మీ ఇంట్లో పీకి పారేసింది మా ఇంట్లో అన్నం పెట్టిందండీ," అన్నారు.

కొల్లేరు అంచున ఒక ఊరు వాళ్ళది. వాళ్ళమ్మగారు తుంగ చాపలు నేసేవారు. మొలలోతు నీళ్ళలో దిగి తుంగ కోసి, మోపులు కట్టి, ఎండబెట్టి, సన్నగా చీల్చి, జనపనార దారాల మీద నేసి, ఏలూరు తెచ్చి అమ్మేవారు. అక్కచెల్లెళ్ళిద్దరికీ బడికి వెళ్ళే ముందు ఒక మోపు కోసిపెట్టడం పని. ఆ ఇంట్లో ఒకటే కట్టుబాటు ఉండేదట. తుంగని వేరుతో పీకకూడదు. నీటి మట్టానికి జానెడు పైన కోసి, కింద దుబ్బు వదిలెయ్యాలి. దుబ్బు ఉంటేనే వచ్చే ఏడు చాప. పీకిన పిల్లకి ఆ పూట వీపు మోగేదని మేడమ్ గారు సరదాగా చెప్పేవారు. మిషన్ బడిలో చదువుకుని, హాస్టల్లో ఉండి, లెక్చరర్ అయి, జీవితమంతా ఆ తుంగ జాతి మొక్కల మీదే పని చేశారు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

రికార్డులు తెమ్మన్న రోజు మేం తేకపోతే, "నా మాట తుంగలో తొక్కారన్నమాట. ఫర్వాలేదండీ. తుంగలో తొక్కింది మళ్ళీ లేస్తుంది," అని మర్నాటికి గడువిచ్చేవారు. మర్నాడు మాత్రం గడువు లేదు.

నేను చెప్పదలచుకున్న కథ నీలగిరుల మీద మొదలవుతుంది. మా ఫైనలియర్‌లో మొక్కల టూరుకి అక్కడికి తీసుకెళ్ళారు. పైన చెట్లు తగ్గిపోయి గడ్డి కొండలు మొదలయ్యే చోట, రెండు మిట్టల మధ్య చల్లటి బురద నేల ఉంది. మేమందరం చలికి వణుకుతూ ఫొటోలు దిగుతున్నాం. ఆవిడ ఒక్కరే ఆ బురదలోకి దిగి చాలాసేపు వంగి నిలబడ్డారు. మోకాలెత్తు తుంగ జాతి మొక్క, తలవంచిన నల్లటి కంకులు. బస్సు డ్రైవరు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. మేడమ్ గారు హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న కొడవలి తీశారు. అది వాళ్ళమ్మగారిది, భూతద్దంతో పాటు ఎప్పుడూ ఆ బ్యాగులోనే ఉండేది. గుప్పెడు మొక్క పట్టుకుని చరచరా కోసి, తడి గుడ్డలో చుట్టుకుని బస్సెక్కారు. దారంతా ఆ మూట ఒళ్ళోనే ఉంది. "ఇది నాకు తెలిసినది కాదమ్మా," అన్నారు పక్కన కూర్చున్న నాతో. ఆ మాట ఆవిడ నోట నేను అంతకుముందు వినలేదు.

ఇంటికొచ్చాక ఎండబెట్టి, ఆ రకాల్లో పండిపోయిన ఒక పెద్దాయనకి పంపించారు. జవాబు వచ్చింది. కొత్తదే అయి ఉండొచ్చు, కానీ చెప్పలేం. గింజ పండలేదు. పైగా కింద భాగం అసలు లేదు. ఈ మొక్కల్లో సగం గుర్తులు మొదలు దగ్గరే ఉంటాయని మీకు తెలియనిదా అని మర్యాదగానే చురక వేశారు.

ఆవిడకి తెలియకపోవడమేమిటి. మొక్కని వేరుతో సహా తియ్యాలి, మట్టి దులిపి మొదలుతో సహా నొక్కిపెట్టాలి అని మాకు చెప్పి చెప్పి ఆవిడ గొంతు అరిగిపోయింది. కానీ ఆ రోజు చలిలో, హారన్ మోతలో, తుంగ గుప్పిట్లోకి రాగానే చదువుకున్న బుర్ర పక్కకి తప్పుకుంది. చిన్నప్పటి చెయ్యి జానెడు పైన కోసేసింది. దుబ్బు భద్రంగా కొండ మీదే ఉండిపోయింది. ఈ సంగతి ఆవిడే క్లాసులో చెప్పి, ఆ జవాబు చదివి వినిపించి, మాకంటే ముందు నవ్వారు. "మా అమ్మ వింటే మెచ్చుకుంటుందండీ," అన్నారు.

నవ్వారే గాని ఆ మొక్క ఆవిడని వదల్లేదు. దానికి పేరు లేదు. పేరు లేని మొక్క ఎవరి లెక్కలోనూ ఉండదు, పోయినా పోయిందని చెప్పేవాళ్ళుండరు అనేవారు. తనకి ఓపిక ఉండగానే దాన్ని లోకానికి సరిగ్గా పరిచయం చెయ్యాలని పట్టుదల. అది కొండ మీద ఉంది, ఈవిడేమో తాడేపల్లిగూడెంలో పాఠాలు చెబుతున్నారు. అడవిలోకి వెళ్ళాలంటే అనుమతులు. అవి వచ్చేసరికి పరీక్షల సీజను. తరవాత వాళ్ళమ్మగారు మంచాన పడి, పోయారు. చూస్తుండగానే నేను కూడా చదువు పూర్తి చేసి తణుకులో లెక్చరర్‌నయ్యాను, మేడమ్ గారికి రిటైర్మెంటు వచ్చింది. సభలో శాలువా కప్పి, గోడ గడియారం ఇచ్చి, ఇక విశ్రాంతి తీసుకోమని అందరూ దీవించారు. ఆవిడ మైకు అందుకుని, వచ్చే వారం కొండకి టిక్కెట్టు తీసుకున్నానని చెప్పి కూర్చున్నారు.

నేను కూడా సెలవు పెట్టి వెళ్ళాను. కొల్లేటి నీళ్ళలో పెరిగిన మనిషి ఆ చలికి రెండు స్వెట్టర్లూ మంకీ క్యాపూ వేసుకుని, ఆవకాయ సీసా సర్దుకుని బయల్దేరారు. దారి చూపించడానికి వచ్చిన ఫారెస్టు గార్డు మాతో నడుస్తూ ఈవిడ ఏ మాత్రం ఎక్కగలదో అని వెనక్కి వెనక్కి చూశాడు. మెల్లగా ఎక్కారు. బురద అలాగే ఉంది, మొక్క అలాగే ఉంది. ఈసారి కొడవలి తియ్యలేదు. మోకాళ్ళ మీద కూర్చుని వేళ్ళతో తవ్వి, రెండు మొక్కలు మొదలుతో సహా తీశారు. కంకి చూస్తే ఇంకా పూత మీదే ఉంది. గింజ పండడానికి వారాలు పడుతుంది.

నా సెలవు అయిపోయింది. ఇద్దరం దిగిపోయి మళ్ళీ వద్దామన్నాను. "పంట చేలో ఉండగా ఊరు విడిచి వెళ్తారా అండీ ఎవరైనా? మీ నాన్నగారిని అడగండి," అన్నారు.

అలా ఆ మనిషి అక్కడే ఒక గది అద్దెకి తీసుకుని ఉండిపోయారు. ఇంటావిడకి తమిళం తప్ప రాదు, ఈవిడకి తమిళం రాదు. అయినా ఇద్దరూ రోజూ గంటల తరబడి మాట్లాడుకునేవారట. ఆవకాయ అయిపోతే ఇంటావిడే ఏదో కారం కొట్టి ఇచ్చేదట. ఎండ కాసిన రోజున గార్డుని తోడు తీసుకుని బురద దాకా వెళ్ళి చూసి రావడం, సాయంత్రం నాకు ఫోన్ చెయ్యడం. "ఇంకా పాలు పోసుకోలేదమ్మా", "ఇప్పుడే రంగు తిరుగుతోందమ్మా" అని, అచ్చం మా ఇంట్లో వరి గురించి మాట్లాడుకున్నట్టే. ఉంగుటూరులో మా నాన్నగారు బతుకంతా తుంగ మీద యుద్ధం చేసిన రైతు. ఆయన కూడా అన్నం ముందు కూర్చుని, "మేడమ్ గారి పంట కోతకొచ్చిందా?" అని అడగడం మొదలుపెట్టారు. వాన పడితే ఇక్కడి చేను గురించి కాక, కొండ మీద ఏమైందోనని బెంగ పెట్టుకునేవారు. తుంగ పండాలని కోరుకున్న ఏకైక వరి రైతు మీరేనండి అని నేను ఆటపట్టిస్తే, పంట ఎవరిదైనా పంటేగదే అన్నారు.

ఒక సాయంత్రం ఫోన్‌లో ఆవిడ గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "కోతకొచ్చిందమ్మా. మీ నాన్నగారికి చెప్పండి," అన్నారు.

అసలు పని ఆ తరవాత మొదలైంది. కొత్త మొక్క దొరికిందని చెబితే సరిపోదు, దాని చుట్టపక్కాలందరినీ పక్కన పెట్టి, ఇది వాళ్ళెవరూ కాదని చూపించాలి. గూడెంలో ఆవిడ ఇంటి ముందు గదంతా ఎండిన మొక్కల అట్టలే. ఆదివారం గుడిలో ఆరాధన ముగించుకుని వచ్చి, కూర పొయ్యి మీద పడేసి, మైక్రోస్కోపు ముందు కూర్చునేవారు. గింజ చుట్టూ ఆవగింజంత సంచి ఉంటుంది. దాని పొడవు, దాని ముక్కు, దాని మీద నూగు, అన్నీ కొలిచి, బొమ్మలు తానే ఇంకుతో గీశారు. వారానికోసారి నేను తణుకు నుంచి వచ్చి పక్కన కూర్చునేదాన్ని. మొదటిసారి నేను రాసిన వర్ణనలో కంకులు మనోహరంగా వంగి ఉంటాయని రాశాను. ఆవిడ కళ్ళజోడు తీసి నా వంక చూశారు. "ఉన్నది రాయండమ్మా. బాగుందని రాయకండి. బాగుందో లేదో చదివేవాళ్ళు చూసుకుంటారు."

ఆ మాట గుర్తు పెట్టుకునే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను. ఎక్కడైనా చెయ్యి జారితే ఆవిడ క్షమించాలి.

ఆ మధ్యలోనే జబ్బు బయటపడింది. ఏలూరు ఆసుపత్రికి తిరగడం మొదలైంది. చెల్లెలు గారు ఊరి నుంచి వచ్చి ఉండిపోయారు. వ్యాసం ఒక శాస్త్ర పత్రికకి పంపించాం. కొన్నాళ్ళకి తిరిగొచ్చింది. పరిశీలించిన వాళ్ళలో ఒకరు, ఇది కొత్తది కాదు, ఫలానా పాత మొక్కకే కొంచెం పొడుగు రూపం అయి ఉంటుంది అన్నారు. నాకు కళ్ళనీళ్ళొచ్చాయి. ఇంకో ఏడాది పని. ఆ ఏడాది ఆవిడకి ఉంటుందో ఉండదో తెలియదు. మేడమ్ గారు మాత్రం ఆ అభ్యంతరాన్ని రెండుసార్లు చదివి, ఆయన అడిగింది న్యాయమే కదా అన్నారు. మొదలుతో తీసిన మొక్కని తెప్పించుకుని మంచం మీదే దిళ్ళకి ఆనుకుని కూర్చుని భూతద్దం పెట్టి చూశారు. పాత మొక్కకి మొదలు దగ్గర ఆకుల తొడుగులు నున్నగా ఉంటాయి. దీనికి ఆ తొడుగులు ఎండి, నిలువునా చీలి, ఎర్రటి పోగులై, ఒకదానిలో ఒకటి దూరి అల్లుకుని ఉన్నాయి. మేం కూడా చూశాం, రాశాం, కానీ ఎక్కడో చివర ఒక్క వాక్యంగా రాశాం. ఆవిడ దాన్ని ముందుకి తెచ్చారు. అద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. అచ్చం చాప.

"చూశారా అమ్మా. నేను కొండ మీద వదిలేసొచ్చిన చోటే ఉంది దాని గుర్తు," అన్నారు.

పేరు కూడా ఆ రోజే కుదిరింది. శిష్యులం మా అందరికీ ఆవిడ పేరే పెట్టాలని ఉండేది. వ్యాసం రాసిన మనిషి తన పేరు తనే పెట్టుకోవడం ఏం మర్యాద అని కొట్టిపారేశారు. చాప అనే అర్థం వచ్చే లాటిన్ మాట ఒకటి వెతికి పెట్టారు. మొదలు చాపలా అల్లుకుని ఉంటుంది గనక ఈ పేరు అని కారణం రాయించారు. ఇంకెవరినీ తలుచుకోవాలని లేదా అండి అని అడిగాను, వాళ్ళమ్మగారిని మనసులో పెట్టుకుని. ఉన్నదే రాశాను కదా అన్నారు.

సరిచేసి మళ్ళీ పంపితే ఈసారి పత్రిక వాళ్ళు ఒప్పుకున్నారు. అచ్చుకి ముందు సరిచూడమని పంపిన కాపీ ఏలూరు ఆసుపత్రిలో మంచం పక్కన తెరిచి చూపించాను. మాటలన్నీ చదివించుకున్నారు. బొమ్మ దగ్గరికొచ్చేసరికి ఆపమన్నారు. పేజీలో పట్టించడానికి అక్కడెవరో బొమ్మ అడుగు కత్తిరించేశారు. వేరూ లేదు, అల్లికా లేదు, జానెడు పైన కోసినట్టు ఉంది. మేడమ్ గారు అంత జబ్బులోనూ దగ్గు వచ్చేదాకా నవ్వారు. నర్సమ్మ పరుగెత్తుకొచ్చింది. "వీళ్ళదీ కొల్లేరేనేమో కనుక్కోండమ్మా," అన్నారు. ఆ మధ్యాహ్నమే రాసి సరిచేయించాం. మొదలుతో సహా బొమ్మ తిరిగొచ్చాక ఫోన్‌లో పెద్దది చేసి చూసి, సరిపోయిందన్నారు. నాతో అన్న ఆఖరి మాట అదే. అచ్చు చూడకుండానే వెళ్ళిపోయారు.

సమాధి వాళ్ళ ఊళ్ళోనే, కొల్లేటి వైపు పల్లంగా ఉండే శ్మశానంలో, వాళ్ళమ్మగారి పక్కన జరిగింది. మా నాన్నగారు కూడా వచ్చారు. వర్షాలు తగ్గే వేళకి వ్యాసం అచ్చయింది. ఇప్పుడు ఆ మొక్క లెక్కలో ఉంది. ఆ బురద నేలని జాగ్రత్తగా చూడమని అడగడానికి ఒక పేరుంది. ఈ ఏడు మా ఫైనలియర్ పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళడానికి అనుమతి కోసం రాశాను. కొడవళ్ళు ఎవరూ తేకూడదని ముందే చెప్పాను.

నవంబరులో సమాధుల పండగకి ఊరంతా సమాధులు శుభ్రం చేసుకుని, సున్నం వేసి, పూలు పెడతారు. నేను అచ్చు కాపీ పట్టుకుని మధ్యాహ్నం వెళ్ళాను. వానలకి మేడమ్ గారి మట్టి సమాధి చుట్టూ తుంగ ఏపుగా లేచింది. అక్కడ నీరు నిలుస్తుంది, లేవక మానుతుందా. చెల్లెలు గారు చీర కుచ్చెళ్ళు దోపుకుని కొడవలితో కోస్తున్నారు. అదే చిన్న కొడవలి. వద్దని చెప్పబోయి ఊరుకున్నాను. పండగనాడు సమాధి శుభ్రం చెయ్యద్దని ఎలా అంటాను?

బొమ్మ చూపించాను. ఆవిడ తడి చెయ్యి చీరకి తుడుచుకుని కాగితం పట్టుకున్నారు. "అయితే చివరికి ఏం పేరు పెట్టిందండీ అక్క?" అన్నారు. చాప అని చెప్పాను. పక్కన వాళ్ళమ్మగారి సమాధి మీద కొత్త సున్నం ఇంకా ఆరలేదు. కాగితం నాకు జాగ్రత్తగా తిరిగి ఇచ్చి, మళ్ళీ వంగి ఇంకో గుప్పెడు పట్టుకున్నారు.

"బెంగపడకండి. దుబ్బు ఉంచే కోస్తున్నానండీ," అన్నారు.

నిజమే. మోపు ఎత్తుకుని ఆవిడ గట్టెక్కి వెళ్ళాక చూశాను. సమాధి చుట్టూ జానెడెత్తున తెగిన కాడలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్కటీ మూడు మూలలతో తెల్లగా ఉంది, ఒక్కొక్క దాని మీదా అప్పుడే ఊరిన నీటి చుక్క ఎండకి మెరుస్తోంది.